బ్లాక్ పిల్లలు, చర్చి, ఇంట్లో చెప్పే మాటలు: మీరేం చూశారు?

శిరీష_అట్లాంటా: హైస్కూల్లో కౌన్సెలర్‌ని. కొందరు నల్ల పిల్లలకి ఇంట్లో తమ జాతి గొప్పతనం చెప్తారు, కొందరికి "పోలీసు ఆపితే చేతులు స్టీరింగ్ మీదే ఉంచు" అన్నదొక్కటే పాఠం. ఈ రెండోవాళ్ళు ముడుచుకుపోతున్నారు. చర్చికెళ్ళే పిల్లల్లో తేడా ఉంటుందా?

రవి_హ్యూస్టన్: చర్చి సంగతి తెలీదు. పోలీసు పాఠం తప్పంటే మాత్రం ఊరుకోను. మా పక్కింటాయన కొడుక్కి లైసెన్సు వచ్చిన రోజే చెప్పాడు. ప్రాణముంటే కదా ఆత్మగౌరవం!

పాస్టర్‌గారబ్బాయి: తెల్లవాళ్ళ చర్చిలో ప్రార్థనకి మోకాళ్ళ మీదున్న నల్లవాళ్ళని లేపేస్తే బయటికొచ్చి, 1794లో ఫిలడెల్ఫియాలో బెతెల్ చర్చి పెట్టాడు నల్లజాతి బోధకుడు రిచర్డ్ అలెన్. నల్లజాతి అమ్మాయిల స్పెల్‌మన్ కాలేజీ 1881లో మీ అట్లాంటాలోనే ఒక చర్చి బేస్‌మెంట్లో మొదలైంది. బళ్ళో ఎవరూ పట్టించుకోని పిల్ల చర్చిలో వాక్యం చదివితే హాలంతా ఆమెన్ అంటుంది. తేడా ఉండదా అక్కా?

కారందోసె: అదే హాలు గోడ మీద తెల్ల యేసు ఉంటాడు. దాని సంగతి?

పాస్టర్‌గారబ్బాయి: అది 1940లో వార్నర్ సాల్‌మన్ వేసిన బొమ్మ. డెట్రాయిట్‌లో పాస్టర్ ఆల్బర్ట్ క్లీగ్ 1967 ఈస్టర్‌కే తన చర్చిలో నల్ల మరియమ్మ బొమ్మ పెట్టించాడు.

కారందోసె: ఒక్క డెట్రాయిట్ చూపించి జారుకోకు బ్రదర్. మా కింది ఫ్లోర్ బామ్మగారింట్లో ఇవాళ్టికీ తెల్లాయనే. మనవరాలు రోజూ ఆయనకే దణ్ణం పెడుతుంది.

పాస్టర్‌గారబ్బాయి: దణ్ణం బొమ్మకి కాదు. తెలీకపోతే మాట్లాడకు.

మీనాక్షి_పీహెచ్‌డీ: ఇది నా సబ్జెక్టు, ఊహలు ఆపండి. 1940ల్లో సైకాలజిస్టులు క్లార్క్ దంపతులు తెల్లబొమ్మ, నల్లబొమ్మ చూపించి చేసిన పరీక్షలో ఎక్కువమంది నల్ల పిల్లలు తెల్లబొమ్మే మంచిదన్నారు. బళ్ళలో నల్ల, తెల్ల పిల్లల్ని వేరుచేయడం చెల్లదన్న 1954 బ్రౌన్ తీర్పు ఫుట్‌నోట్‌లోకి క్లార్క్ పని ఎక్కింది. ఇంట్లో సంస్కృతి మీద గర్వం నేర్పితే పిల్లలు నిలదొక్కుకుంటారని చాలా అధ్యయనాలు చెప్తాయి. ఆ పోలీసు పాఠంలా వివక్షకి సిద్ధం చేయడం ఒక్కోచోట ఒక్కోలా పనిచేస్తుంది. "ఎవర్నీ నమ్మకు" అన్న దగ్గరే తంటా.

రవి_హ్యూస్టన్: ఆ పరీక్ష 3–7 ఏళ్ళవాళ్ళ మీద మేడం. అక్క అడిగింది టీనేజర్ల గురించి. పేరు పక్కన పీహెచ్‌డీ తగిలిస్తే సరా?

మీనాక్షి_పీహెచ్‌డీ: పక్కింటాయన కథ కంటే నయమే.

లక్ష్మి_షార్లెట్: జుట్టు గురించి ఒక్కరూ మాట్లాడరేం? మా అమ్మాయి ఫ్రెండు సన్నజడలు అల్లించుకొస్తే బళ్ళో "నీట్‌గా రా" అన్నారు. వాళ్ళ నాయనమ్మ, తలవెంట్రుకలు కూడా దేవుడి లెక్కలో ఉన్నాయని బైబిల్ తీసి చూపించిందట. కాలిఫోర్నియా 2019లోనే జుట్టు వివక్ష మీద క్రౌన్ చట్టం తెచ్చింది.

కారందోసె: మన ఇళ్ళల్లో మాత్రం? "ఎండలో ఆడకు, నల్లబడతావ్."

శిరీష_అట్లాంటా: నేనడిగింది పక్కకి పోయింది. లక్ష్మిగారూ, ఆ పిల్ల జడలు తీసేసిందా?

లక్ష్మి_షార్లెట్: లేదండీ. వాళ్ళమ్మ వెళ్ళి ప్రిన్సిపాల్‌తో తేల్చుకుంది.

రవి_హ్యూస్టన్: 3–7కి ఇంకా జవాబు రాలేదు మేడం.