లేటెక్స్ పరుపు కొంటే ఈ చెమ్మలో నిలుస్తుందా?

అందరికీ నమస్కారమండీ. మాది విశాఖ, సముద్రానికి దగ్గర్లోనే ఇల్లు. నాలుగేళ్ల కిందట కొన్న ఫోమ్ పరుపు నడుం దగ్గర గుంట పడిపోయింది. పొద్దున్నే అమ్మ మంచం పట్టె పట్టుకుంటే తప్ప లేవలేకపోతోంది. మొన్న పరుపు ఎత్తి చూస్తే కింద ప్లైవుడ్ మీద నల్లగా బూజు, వేలితో రాస్తే జిగురుగా అంటుకుంది.

ఇప్పుడు 78×60 అంగుళాల లేటెక్స్ (రబ్బరు నురుగు) పరుపు తీసుకుందామనుకుంటున్నాం. ఒక షాపులో "ప్యూర్ లేటెక్స్" అన్నాడు. జిప్పు తీయమంటే పైన 2 అంగుళాలే లేటెక్స్, కిందంతా రంగురంగుల ముక్కలు అతికించిన ఫోమ్! ఇంకోచోట 6 అంగుళాలూ లేటెక్సే, ధర దాదాపు రెట్టింపు. అమ్మ 58 కిలోలు, పక్కకి తిరిగి పడుకుంటుంది. అంత పెట్టాలా, లేక కింద గట్టి ఫోమ్, పైన లేటెక్స్ ఉన్నది సరిపోతుందా? ఫోమ్ డెన్సిటీ 40 (అంటే ఘనపు మీటరుకి 40 కిలోల బరువు) అంటున్నారు, అది బిల్లు మీద రాయించుకోవచ్చా?

ఇంకో తలనొప్పి ఉంది. అమ్మకి బూరుగుదూది పరుపుల అలవాటు. నెలకోసారి డాబా మీద ఎండలో వేసి కర్రతో దులిపితే గానీ ఊరుకోదు. లేటెక్స్‌కి ఎండ పడదు, పెళుసెక్కి పొడి రాలుతుందంటే వినదు. మరి ఈ ఉప్పుగాలిలో చెమ్మ ఎలా పోగొడుతున్నారు? ప్లైవుడ్ తీసేసి చెక్కపట్టీలు వేయించినవాళ్లుంటే, మధ్యలో ఎంత సందు వదిలారో చెప్పరూ? వాడినవాళ్లే చెప్పండి, అమ్మేవాళ్ల మాటలు చాలా విన్నాం.