అప్‌డేట్: ఆస్పిరేషన్ న్యుమోనియాకు మెట్రోనిడజోల్ కూడా కలపాలా?

పక్షవాతంతో ఇంట్లోనే రైల్స్ ట్యూబ్ (ముక్కు ద్వారా కడుపులోకి వేసే ఫీడింగ్ గొట్టం) మీదున్న 72 ఏళ్ల పేషెంటుకు కుడి ఊపిరితిత్తి కింది భాగంలో ప్యాచ్ వచ్చింది, ఆస్పిరేషన్ న్యుమోనియా (ఆహారం, లాలాజలం లాంటివి ఊపిరితిత్తుల్లోకి వెళ్లి వచ్చే ఇన్ఫెక్షన్) కాబట్టి సెఫ్ట్రియాక్సోన్ అనే యాంటీబయాటిక్‌కు, ఎనరోబ్‌ల (ఆక్సిజన్ లేనిచోట పెరిగే బ్యాక్టీరియా) మీద పనిచేసే మెట్రోనిడజోల్ జోడించాలా అని ఇంతకుముందు పోస్టులో అడిగాను. జవాబులిచ్చిన అందరికీ ధన్యవాదాలండి.

గుంటూరులో పల్మనాలజిస్టు అక్కర్లేదన్నారు. ఊపిరితిత్తిలో చీముగడ్డో, ఎంపైమానో (ఊపిరితిత్తి చుట్టూ చీము చేరడం) అనుమానం ఉంటేనే ఎనరోబ్‌లకు విడిగా మందు. 2019 నాటి అమెరికన్ మార్గదర్శకాల మాటా అదే. సీటీ స్కాన్‌లో ఆ రెండూ లేవు. సెఫ్ట్రియాక్సోన్ రోజుకు 2 గ్రాములు ఐవీ (నరం ద్వారా) ఇచ్చారు, మూడో రోజుకు జ్వరం దిగింది, 7 రోజులకు ఆపేశారు. ఆసుపత్రిలో చాలా రోజులున్నాక వచ్చిన న్యుమోనియాకైతే ఈ లెక్క వేరు, కల్చర్ (ఏ క్రిమి ఉందో తేల్చే పరీక్ష) చూసి పిపెరాసిలిన్-టాజోబాక్టమ్ లాంటి యాంటీబయాటిక్‌లు ఆలోచించాలి.

జవాబుల్లో వచ్చిన లెవోఫ్లాక్సాసిన్ (మరో యాంటీబయాటిక్) సలహా పక్కన పెట్టాం. టీబీ ఉంటే అది కొన్నాళ్లు అణిగిపోయి నిర్ధారణ ఆలస్యమవుతుంది. మన దగ్గర ఇది చిన్న విషయం కాదు. కఫం సీబీనాట్ (టీబీ క్రిమి జన్యుపరీక్ష) నెగటివే.

ముందు పోస్టులో నేను అంతగా రాసిన పేషెంటు నోటి దుర్వాసన పళ్ల పాచి వల్లే, మందు ఎంపికకు సంబంధం లేదు. అసలు తప్పు పడుకోబెట్టి ఫీడ్ ఇవ్వడం. ఇప్పుడు తలవైపు 30–45 డిగ్రీలు ఎత్తి ఇస్తున్నారు, రోజుకు రెండుసార్లు పళ్లు తోముతున్నారు.