గంట విమానం ఉండగా నాలుగు గంటల రైలెందుకు?

#1
టికెట్ కూడా రైలుకే ఎక్కువ చూపిస్తోంది. పోనీ ఇంట్లో నలుగురం వెళ్దామంటే ఈ రెండిటికన్నా కారే చవక. రైలంటే ఇష్టమున్నవాళ్లు కాస్త లెక్క చెప్పండి, కిటికీ పక్క సీటు కబుర్లు మాత్రం వద్దు.

#2
లెక్కే చెప్తాను. ఊరి బయటున్న విమానాశ్రయానికి గంట, అక్కడ గంటన్నర ముందుండాలి, గాల్లో గంట, దిగాక బెల్టు దగ్గర బ్యాగు కోసం అరగంట, మళ్లీ ఊళ్లోకి గంట. మొత్తం ఐదు. రైలుకి అటో అరగంట ఇటో అరగంట కలిపినా అంతే కదండీ! పైగా విమానంలో ఆ ఐదు గంటలూ ముక్కలు ముక్కలు, లాప్‌టాప్ తీసి ట్రేలో పెట్టడం, మళ్లీ సర్దుకోవడం, ఈలోపు గేటు మారిందని పరుగు. రైల్లో నాలుగు గంటలు ఒకే సీట్లో పని చేసుకోవచ్చు. స్పెయిన్‌లో మాడ్రిడ్ - బార్సిలోనా చూడండి, 620 కిలోమీటర్లు, ఒకప్పుడు విమానాలదే రాజ్యం. 2008లో హైస్పీడ్ లైను పూర్తయి ప్రయాణం రెండున్నర గంటలకు దిగాక జనం రైలుకు మళ్లారు.

#3
మంచి లైను ఉన్నచోట ఆ మాట నిజమే. టోక్యో - ఒసాకా 515 కిలోమీటర్లు, అక్కడ 1964 నుంచీ షింకన్‌సెనే, అంటే వాళ్ల బుల్లెట్ రైలే. అదే జపాన్‌లో టోక్యో నుంచి ఫుకుఓకాకి రైల్లో ఐదు గంటలు, ఎక్కువమంది విమానమే ఎక్కుతారు. మూడు, నాలుగు గంటలు దాటితే రైలు పట్టు జారిపోతుంది. ఇక ధర సంగతి. పట్టాలు, వంతెనలు, సొరంగాలు, సిగ్నళ్లు, వీటన్నిటి ఖర్చూ ఎవరో ఒకరు మోయాలి, విమానానికి ఆకాశంలో పట్టాలు వేయక్కర్లేదు. అలాగని అది సొంత బలంతోనే చవకైందనుకోకండి, అంతర్జాతీయ విమానాల ఇంధనం మీద చాలా దేశాల్లో పన్నే లేదు. ఫ్రాన్స్ అయితే 2023లో, రెండున్నర గంటల్లోపు రైలున్న చోట్ల దేశంలోపలి విమానాలు కొన్ని ఆపేసింది. తీరా చూస్తే మూడే రూట్లు!

#4
అసలు కారు లెక్కే తప్పు. అందరూ పెట్రోలు ఒక్కటే చూస్తారు. టైర్లు, ఇన్సూరెన్స్, సర్వీసింగ్, ఏటా పడిపోయే రీసేల్ విలువ ఎవరి ఖాతాలో వేస్తారు?

#1
ఇన్సూరెన్స్ కారు కదిలినా కదలకపోయినా కట్టాల్సిందే, దాన్ని ఈ ఒక్క ప్రయాణం నెత్తిన రుద్దడం అన్యాయం. టైర్ల సంగతి మాత్రం ఒప్పుకుంటాను, పోయిన నెలే నాలుగూ మార్చాను. కానీ రైలుకి నలుగురికి నాలుగు టికెట్లు, దిగాక టాక్సీ, అక్కడ తిరగడానికి మళ్లీ టాక్సీ. కారులో నలుగురెక్కినా పెట్రోలు దాదాపు అంతే.

#2
నలుగురికైతే కారే, ఒప్పుకున్నాను. మరి ఒక్కరే వెళ్లినప్పుడు? ఐదు గంటలు స్టీరింగ్ పట్టుకుని, దిగాక నడుం పట్టేసి... దాన్నీ లెక్కలో వేయండి సార్.

#1
ఒక్కణ్ణే అయితే రైలే. అదీ నెల ముందు టికెట్ దొరికితే.