ఇంట్లో జిమ్ సామాను: 30 వేలలో మల్టీ జిమ్మా, ట్రెడ్‌మిల్లా, డంబెల్సా?

కొంపల్లి_మూడో_ఫ్లోరు:
అందరికీ నమస్తే. మాది కొంపల్లిలో అపార్ట్‌మెంటు, రెండు బెడ్‌రూములు. బాబు చదువుకునే బల్ల పక్కన ఎనిమిదడుగుల పొడవు, ఆరడుగుల వెడల్పు జాగా ఖాళీగా ఉంది. నాకు 39 ఏళ్ళు, షుగర్ బోర్డర్‌లో ఉంది, నడక ఒక్కటే చాలదు, బరువులతో కూడా వ్యాయామం చేయమని డాక్టరు గారు చెప్పారు. జిమ్‌కి వెళ్ళి రావాలంటే ట్రాఫిక్‌లోనే పొద్దంతా పోతుంది, అందుకని మా ఆవిడా నేనూ ఇంట్లోనే మొదలుపెడదామనుకున్నాం. బడ్జెట్ 30,000. షాపులో అడిగితే మల్టీ జిమ్ తీసుకోండి సార్, ఒక్కదాంట్లో అన్నీ వచ్చేస్తాయి అంటున్నారు. మా అమ్మకి మోకాళ్ళ నొప్పులు, ఆమె కోసం ట్రెడ్‌మిల్ కొంటే బావుంటుందని ఇంకో ఆలోచన. స్లాబుకి ఏమన్నా అవుతుందేమో, కింది ఫ్లోరు వాళ్ళతో మాట వస్తుందేమో అని కూడా టెన్షన్‌గా ఉంది.

రాడ్డు_ప్లేట్లు:
అన్నా, మల్టీ జిమ్ మాత్రం వద్దు. ఉన్న జాగా మొత్తం అదే తినేస్తుంది, ఒకసారి బిగించాక పక్కకి జరపలేరు, ఆ ధరలో వచ్చేవాటికి కేబుళ్ళు, కప్పీలు త్వరగా అరుగుతాయి, ఇల్లు మారాల్సి వస్తే విప్పి మళ్ళీ బిగించడం పెద్ద పని. రెండు డంబెల్ రాడ్లు, విడి ప్లేట్లు, వాలు మార్చుకోగల ఒక బెంచ్, కింద మందపాటి రబ్బరు మ్యాట్ తీసుకోండి, మీ ఇద్దరికీ చాలా కాలం సరిపోతాయి.

ప్లేట్లు మాత్రం లెక్క చూసుకుని కొనండి. 1.25 కేజీలవి నాలుగు, 2.5వి నాలుగు, 5వి నాలుగు. మొత్తం 35 కేజీలే, కానీ రెండు డంబెల్స్‌కీ సమానంగా ఎక్కిస్తే ఒక్కోదానికి ప్లేట్ల బరువు 2.5 నుంచి 17.5 దాకా ప్రతి రెండున్నర కేజీలకీ ఒక మెట్టు దొరుకుతుంది. చాలామంది ఒకే సైజు ప్లేట్లు కొనేసి తర్వాత ఇబ్బంది పడతారు, ఎందుకంటే 10 కేజీలు తేలికైపోయి 15 లేవకపోతే ఇక అక్కడే ఆగిపోతారు. మీ ఆవిడ కోసం అరకేజీవి నాలుగు కలపండి, భుజాల వ్యాయామాలకి కేజీ చొప్పున పెంచుకోవడానికి పనికొస్తాయి.

సిమెంటు నింపిన ప్లాస్టిక్ ప్లేట్లు చవక, కాకపోతే మందంగా ఉండి రాడ్డు మీద చోటు చాలదు, కింద పడితే పగులుతాయి. ఇనుపవి గానీ రబ్బరు పూతవి గానీ తీసుకోండి. రంధ్రం సైజు షాపులోనే రాడ్డుకి ఎక్కించి చూడండి. పోటీల్లో, పెద్ద జిమ్‌లలో వాడే ఒలింపిక్ ప్లేట్ల రంధ్రం 50 మిల్లీమీటర్లు, ఇంట్లో వాడే మామూలు ప్లేట్లది దాదాపు అందులో సగం, ఒక రకం ప్లేట్లు ఇంకో రకం రాడ్డుకి సరిపోవు.

స్లాబు_లెక్క:
నేను సివిల్ సైడ్. కట్టడాల మీద పడే బరువులకి మన దేశపు ప్రమాణమైన ఐఎస్ 875 ప్రకారం ఇళ్ళలో గదుల స్లాబుకి వాడకం బరువు చదరపు మీటరుకి దాదాపు 200 కేజీలుగా తీసుకుని డిజైన్ చేస్తారు. మీ జాగా నాలుగున్నర చదరపు మీటర్ల దాకా ఉంది, బెంచ్, 35 కేజీల ప్లేట్లు, మీరిద్దరూ కలిసినా దానికి చాలా లోపే. అసలు సమస్య చప్పుడు. డంబెల్‌ని పైనుంచి వదిలేస్తే ఆ అదురు స్లాబులోంచి కింది ఇంటికి నేరుగా పోతుంది, టైల్స్ కూడా పగలొచ్చు. మ్యాట్ వేసినా సరే, తొడ మీద ఆనించుకుని మెల్లగా దించడం మొదటి రోజు నుంచే అలవాటు చేసుకోండి.

సాగరతీరం_కోచ్:
విశాఖలో ఇళ్ళకి వెళ్ళి ట్రైనింగ్ ఇస్తుంటాను. బెంచ్ గురించి ఒక మాట. షాపులో దాని మీద కూర్చుని చూస్తే చాలదు, వెల్లకిలా పడుకుని అటూ ఇటూ ఊగి చూడండి, కాళ్ళు కదిలితే వద్దు. వీపు పలకని ఏటవాలుగా లేపినప్పుడు సీటుకీ దానికీ మధ్య పెద్ద సందు ఉంటే నడుం కింద ఆనింపు ఉండదు. పవర్‌లిఫ్టింగ్ పోటీల్లో బెంచ్ ఎత్తు 42 నుంచి 45 సెంటీమీటర్లు ఉంటుంది. మార్కెట్లో అంతకంటే ఎత్తువి కూడా ఉన్నాయి, పొట్టివాళ్ళు పడుకుంటే పాదాలు నేలకి ఆనవు, మేడంని కూడా తీసుకెళ్ళి చూపించండి.

తలుపుకి తగిలించే పుల్అప్ బార్ ఆన్‌లైన్‌లో చూసి ఆర్డర్ పెట్టకండి. అది నిలబడాలంటే తలుపు పైన గోడలోంచి బయటికి వచ్చిన చెక్క అంచు ఉండాలి, మన ఇళ్ళలో ద్వారబంధం గోడకి సమంగా ఉంటుంది. దాని బదులు రో అనే వ్యాయామం చేస్తే వీపుకి సరిపోతుంది. ఒక చెయ్యి, మోకాలు బెంచ్ మీద ఆనించి, రెండో చేత్తో డంబెల్‌ని నడుం వైపు లాగాలి. మాలాగా సముద్రం దగ్గర ఉండేవాళ్ళు అయితే వాడాక ఇనుప ప్లేట్లు తుడిచి పెట్టాలి, లేకపోతే తుప్పు పట్టేస్తాయి.

కొంపల్లి_మూడో_ఫ్లోరు:
చాలా థాంక్సండీ. మల్టీ జిమ్ ఆలోచన మానేశాం. మరి అమ్మ సంగతి? ట్రెడ్‌మిల్ సెకండ్ హ్యాండ్‌లో చూడమంటారా?

పద్మజ_నిజాంపేట:
మా అత్తగారు రోజూ ట్రెడ్‌మిల్ మీదే నడుస్తారు కాబట్టి చెబుతున్నాను. మీకు కారిడార్ గానీ సెల్లార్ గానీ ఉంటే ముందు అక్కడ నడిపించండి, తోడుగా ఇంకో పెద్దావిడ దొరికితే ఇంకా మంచిది. ఎండకీ కుక్కలకీ భయపడి బయటికి పోలేకపోతేనే ట్రెడ్‌మిల్ చూడండి. అప్పుడు మోటారుకి పీక్ హెచ్‌పీ (కాసేపు మాత్రమే ఇవ్వగల గరిష్ట శక్తి) ఎంతని కాదు, కంటిన్యువస్ హెచ్‌పీ (ఆగకుండా ఇవ్వగల శక్తి) ఎంతని అడగండి, ప్రకటనల్లో పెద్దక్షరాల్లో వేసేది మొదటిదే. రెండు పక్కలా గట్టి పట్టుకమ్ములు, సేఫ్టీ కీ తాడు (బట్టలకి తగిలించుకుంటే, పడబోయినప్పుడు కీ ఊడి మెషీన్ ఆగిపోతుంది) తప్పనిసరి. సెకండ్ హ్యాండ్ అయితే పది నిమిషాలు నడిచి చూడండి, అడుగు వేసినప్పుడు బెల్టు ఆగి జారుతున్నట్టు ఉంటే వదిలేయండి. కొన్నాక బెల్టు కింద సిలికాన్ ఆయిల్ అప్పుడప్పుడూ వేయాలి, చాలామంది ఇది మర్చిపోయి మోటారు పాడుచేసుకుంటారు.

మోకాళ్ళకి అసలు బలం తొడ కండరాలే. డాక్టరుని అడిగి, కుర్చీలోంచి చేతులు ఆనించకుండా మెల్లగా లేచి కూర్చోవడం అమ్మగారి చేత చేయించండి. దానికి ఏమీ కొనక్కర్లేదు.

రాడ్డు_ప్లేట్లు:
పద్మజగారు చెప్పినదానికి నేనూ ఓటేస్తాను. అన్నా, ఇక వాడకం సంగతి. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020 సూచనల్లో పెద్దవాళ్ళకి వారానికి కనీసం 150 నిమిషాలు ఓ మోస్తరు వేగంతో నడక లాంటిది, దాంతోపాటు రెండు రోజులైనా కండరాలకి పని అని ఉంది. మీరు రోజు మార్చి రోజు, వారంలో మూడు రోజులు పెట్టుకోండి. డంబెల్‌ని గుండెలకి ఆనించి పట్టుకుని బస్కీలు, బెంచ్ మీద పడుకుని డంబెల్స్‌ని ఛాతీ మీంచి పైకి నెట్టే బెంచ్ ప్రెస్, రో, భుజాల దగ్గర్నుంచి తల పైకి నెట్టే భుజాల ప్రెస్, మోకాళ్ళు కొంచెం వంచి నడుం దగ్గర్నుంచి వంగి లేచే ఆర్‌డీఎల్, ఈ ఐదూ చాలు, ఒక్కోటి మూడు సెట్లు (ఆపకుండా వరసగా చేసేది ఒక సెట్టు). ఎనిమిది సార్లు లేపగలిగే బరువుతో మొదలుపెట్టి, మూడు సెట్లలోనూ పన్నెండు వచ్చాక పై మెట్టుకి పోండి, మళ్ళీ ఎనిమిది దగ్గర మొదలవుతుంది. ఊపిరి బిగపట్టొద్దు. ఏ రోజు ఎంత లేపారో నోట్‌బుక్‌లో రాసుకోండి, గుర్తుంటుందిలే అనుకుంటే ఉండదు.

సామాను బెంచ్ పక్కనే బయట ఉంచండి, మంచం కింద పెడితే తీయబుద్ధి కాదు. బాబు చిన్నవాడైతే మాత్రం ప్లేట్లు విప్పి వాడికి అందని చోట పెట్టాలి. ఇంకోటి, రాడ్డు చివర నట్టు లోపల చిన్న రబ్బరు రింగు ఉంటుంది, అది ఊడిపోతే నట్టు దానంతటదే వదులవుతుంది. కొనేటప్పుడు నాలుగు నట్లలోనూ ఆ రింగు ఉందో లేదో చూసుకోండి, ప్రతి సెట్టుకి ముందు నట్టు ఒకసారి బిగించండి, ముఖం మీదుగా లేపే వ్యాయామాలకైతే మరీను.