దుబాయ్ పోవడానికి ఎక్కువ, రావడానికి తక్కువ... ఎందుకు?

మియాపూర్_మూర్తి: శంషాబాద్ నుంచి దుబాయ్‌కి టికెట్లు చూస్తున్నా. ఉదయం 10కి ఎక్కితే అక్కడి టైము 12.20కి దిగుతాం. వచ్చేటప్పుడు రాత్రి 10కి ఎక్కితే ఇక్కడ తెల్లవారుజామున 3. గంటన్నర తేడా సర్దితే పోవడానికి 3 గంటల 50 నిమిషాలు, రావడానికి మూడున్నర. దారి ఒకటే కదండీ?

గాలిపటం: దూరం రెండు వైపులా సుమారు 2,550 కిలోమీటర్లే. తేడా గాలిది. పైన జెట్ స్ట్రీమ్ పడమటి నుంచి తూర్పుకి వీస్తుంది. పోయేటప్పుడు ఎదురుగాలి, వచ్చేటప్పుడు వెనక నుంచి తోస్తుంది. చలికాలంలో ఇది ఎక్కువ. వానాకాలంలో ఆ గాలి హిమాలయాల అవతలికి జరిగిపోతుంది, దక్షిణాదిలో బాగా ఎత్తున తూర్పుగాలి మొదలవుతుంది. అప్పుడు తేడా తగ్గుతుంది. పైగా టికెట్ మీద వేసేది గాల్లో ఉన్న టైము కాదు, గేటు నుంచి గేటుకి.

నాగోల్_నాని: గాలి కాదు బ్రదర్. భూమి తూర్పుకి తిరుగుతోంది. అంటే దుబాయే మనకి ఎదురొస్తోంది. పోవడమే త్వరగా అవ్వాలి.

గాలిపటం: భూమితో పాటు గాలీ తిరుగుతుంది నానీ. నడిచే రైల్లో పైకి ఎగిరితే వెనక బోగీలో పడతావా?

నాగోల్_నాని: రైలుకి పైకప్పుంది. భూమికుందా?

చింతల్_చిన్నా: అయిపోయింది, ఇక తెల్లారినట్టే 😀

గచ్చిబౌలి_గురు: ఎటు తిప్పినా నాలుగు గంటలు. కారులో విజయవాడ చేరేలోపు దుబాయ్‌లో దిగొచ్చు. పక్కూరు లెక్క.

జగిత్యాల_రాజన్న: నీకు పక్కూరే. మా తమ్ముడు తెల్లారి ఫ్లైట్‌కు ముందురోజు పగటీలి బస్సెక్కుతడు. జేబీఎస్‌ల దిగి, సామాను మోసుకుంట శంషాబాద్‌కు ఇంకో బండి. మూడు గంటల ముందే లైన్ల నిలబడాలె. పోయినసారి ఏజెంటు డైరెక్ట్ అని పైసలు తీసుకొని మస్కట్ మీదికెళ్లి పంపిండు. రాత్రంత ఆడ్నే.

గాలిపటం: అన్నా, అడిగింది ఎయిర్‌పోర్టు నుంచి ఎయిర్‌పోర్టుకి.

జగిత్యాల_రాజన్న: మీ లెక్కల మేమెప్పుడున్నం తియ్.

గచ్చిబౌలి_గురు: ప్రతిదానికీ ఏడుపేనా? ఏజెంటుని నమ్మడమెందుకు, ఫోన్‌లో మీరే బుక్ చేసుకోవచ్చుగా.

జగిత్యాల_రాజన్న: వీసా, టికెట్ అన్నీ వాని చేతులనే ఉంటయి సార్, మేం ఏం బుక్ చేస్తం? మా నాయిన సచ్చిపోతే తమ్ముడు మూడో దినానికి వచ్చిండు. ఫ్లైట్ లేక కాదు. పాస్‌పోర్ట్ కంపెనోడు పెట్టుకున్నడు, సూపర్‌వైజర్ వస్తెగాని ఇయ్యనన్నడు. పాడె మోసుడు నా ఒక్కనితోనే అయింది. నాలుగు గంటలంట!

గాలిపటం: పాస్‌పోర్ట్ ఉంచుకోవడం అక్కడి చట్టం ప్రకారం కూడా తప్పే.

జగిత్యాల_రాజన్న: ఆ ముచ్చట ఆ కంపెనోనికి చెప్పు పో.

గచ్చిబౌలి_గురు: మీ నాన్నగారి విషయం నాకు తెలియదు, ఏమనుకోకండి. కానీ నేను చెప్పింది మామూలు ప్రయాణికుల సంగతి.

జగిత్యాల_రాజన్న: రాత్రి పన్నెండింటికి శంషాబాద్‌ల డిపార్చర్ దిక్కు పోయి చూడు. అట్టపెట్టెలకు తాడు కట్టి, మార్కర్‌తోని పేరు రాసుకొని నిలబడ్డోళ్లుంటరు. మామూలోళ్లు ఎవరో అప్పుడు చెప్పు.