పాత ఎయిర్‌కూల్డ్ ఇంజన్‌లో ఈ20: పైపులు మార్చాలా?

పాతచక్రం: నాది 1968 ఫోక్స్‌వాగన్ బీటిల్ కారు. ఈ20 (ఇరవై శాతం ఇథనాల్ అనే ఆల్కహాల్ కలిపిన పెట్రోల్) పోయిస్తున్నాను. పెట్రోల్ పైపులు మార్చాలా? ఎప్పుడో ట్యాంకు లోపల వేయించిన కోటింగ్ తట్టుకుంటుందా?

నూనెచేతులు: పైపుల సంగతి నన్నడుగు! నా స్కూటర్ పైపు మూడు నెలల్లో ఉబ్బి, నొక్కితే జిగురు. కార్బురేటర్ గాస్కెట్ ఉబ్బి మళ్లీ గాడిలో కూర్చోలేదు. విటాన్ (ఇథనాల్‌ని తట్టుకునే రబ్బరు) వేయించు. వేడి ఇంజన్ మీద పెట్రోల్ కారిందంటే బండి మిగలదు.

మెయిన్‌జెట్: పైపులదేముంది, మారిస్తే పోతుంది. అసలు తంటా మిశ్రమం లీన్ అవడం, అంటే గాలికి తగ్గ ఇంధనం అందకపోవడం. దాంతో ఇంజన్ వేడెక్కుతుంది. పైగా 1971కి ముందు బీటిల్‌లో మూడో సిలిండర్‌ని చల్లార్చే గాలికి ఆయిల్ కూలర్ అడ్డం. ముందు పోయేది ఆ సిలిండర్ వాల్వే.

చల్లగాలి: ఊరికే భయపెట్టకండి. ఆల్కహాల్ ఆవిరయ్యేటప్పుడు వేడిని లాక్కుంటుంది. ఆక్టేన్ (ఇంజన్‌లో ముందే పేలిపోకుండా తట్టుకునే గుణం) కూడా ఎక్కువ. రేసు బళ్లు దాంతో పరిగెత్తట్లేదా?

మెయిన్‌జెట్: వాటి జెట్లు (కార్బురేటర్‌లో ఇంధనం వచ్చే సన్న రంధ్రాలు) కూడా దానికి తగ్గట్టే పెద్దవి బాబూ. బరువు లెక్కన ఒక పాలు పెట్రోల్‌కి 14.7 పాళ్ల గాలి కావాలి, ఇథనాల్‌కి 9 చాలు. ఈ20కి సుమారు 13.5. పాత కార్బురేటర్‌కి సెన్సర్ లేదు, నువ్వు ఏం పోశావో దానికేం తెలుసు?

చల్లగాలి: పుస్తకాల లెక్కలు. నా బండి రెండేళ్లుగా నిక్షేపంలా నడుస్తోంది.

మెయిన్‌జెట్: స్పార్క్ ప్లగ్ విప్పి చూశావా?

చల్లగాలి: చూశా. తెల్లగా ఉంది, శుభ్రంగా మండుతోందన్నమాట.

మెయిన్‌జెట్: 😂 తెల్లగా ఉంటే లీన్! లేత ఇటుక రంగు రావాలి. ముప్పై ఏళ్లుగా కార్బురేటర్లు విప్పుతున్నాను, నాకు చెప్తావా?

చల్లగాలి: విప్పారు సరే, ఒక్కటైనా తిరిగి బిగించారా?

నూనెచేతులు: అబ్బ, ఆపండిద్దరూ. జెట్ ఒక సైజు పెంచి ప్లగ్ చూసుకుంటే తేలిపోతుంది.

టూస్ట్రోక్‌వీరుడు: మా గోడు ఎవరికీ పట్టదు. వానాకాలమంతా బండి కదపలేదు. ట్యాంకులో తేమ చేరి, ఇథనాల్ ఆ నీళ్లతో కలిసి అడుక్కి దిగిపోయింది. ట్యాంకు కొళాయి లాగేది అడుగునుంచే కదా! ఆ పొరలో టూటీ ఆయిల్ (టూస్ట్రోక్ బళ్లకి పెట్రోల్‌లో కలిపే ఇంజన్ ఆయిల్) ఉండదు. నాలుగు కిక్కులకి స్టార్టయింది, వీధి మలుపు తిరిగేలోపు పిస్టన్ పట్టేసింది. సిలిండర్ బోరింగు, కొత్త పిస్టన్, ఇంట్లో తిట్లు. నిలిపే ముందు ట్యాంకు, కార్బురేటర్ రెండూ ఖాళీ చేయండి.

కొత్తబండోడు: అన్నా, ఇథనాల్ నిజంగా ఎంత ఉందో ఎలా తెలుస్తుంది?

నూనెచేతులు: గీతలున్న గాజు గొట్టంలో 10 మిల్లీ నీళ్లు, 90 మిల్లీ పెట్రోల్ పోసి కుదిపి వదిలెయ్. కింది పొర 10 గీత దాటి ఎంత పెరిగితే, సుమారుగా అన్ని మిల్లీల ఇథనాల్. దాన్ని 90తో భాగించు. దగ్గర్లో బీడీ, అగ్గిపెట్టె ఉండకూడదు.

చల్లగాలి: నాకు 17 మిల్లీ పెరిగింది. 105 సైజు జెట్ ఎక్కడ దొరుకుతుందో ఎవరైనా చెప్తారా? ఊరికే అడుగుతున్నా.

మెయిన్‌జెట్: 🙂 ఇప్పుడున్నది ఎంతో చెప్పు ముందు.

కొత్తబండోడు: పైన తేలిన పెట్రోల్ మళ్లీ బండిలో పోసుకోవచ్చా?

నూనెచేతులు: వద్దు తమ్ముడూ. ఇథనాల్‌తో పాటు దాని ఆక్టేన్ కూడా నీళ్లలోకి పోయింది. చెయిన్ కడుక్కో.

పాతచక్రం: ట్యాంకు కోటింగ్ గురించి కూడా అడిగాను...