ఈఎస్‌సీ యూనిట్ పోయిందంటున్నారు, పాత బండి నుంచి తీసింది వేయించుకోవచ్చా?

హన్మకొండ: అన్నలూ, నా కారు ఎనిమిదేళ్లది. మొన్న ములుగు నుంచి వానలో వస్తుంటే ఏబీఎస్ (బ్రేకు కొడితే చక్రాలు పట్టేయకుండా చూసేది), ఈఎస్‌సీ (బండి జారి పక్కకు తిరగకుండా చూసేది) లైట్లు రెండూ వెలిగాయి, ఇంకా ఆరలేదు. షోరూంలో యూనిట్ మొత్తం మార్చాలన్నారు, రేటు వింటే టెన్షన్ పట్టుకుంది. ఆటోనగర్‌లో పాత బండిది చాలా తక్కువకే వేస్తామంటున్నారు. ఏం చేయమంటారు?

కాజీపేట: వేయించుకో తమ్మీ. పార్ట్ నంబర్ కలిస్తే చాలు, పైపులు విప్పి బిగించే పనే. నేను వేయించి ఏడాదైంది, లైట్ కూడా రావట్లేదు. షోరూం వాళ్లు దేనికైనా మొత్తం మార్చమనే అంటారు.

నర్సంపేట: కాజీపేట అన్నా, షోరూం గురించి మీరన్నది చాలాసార్లు నిజమే కానీ పైపులు బిగిస్తే అయిపోతుందన్నది ఒప్పుకోను. నేను బ్రేకుల పని చేసేవాణ్ణి. ఆ యూనిట్‌లో వాల్వులు, పంపు, మోటారు, వాటికి అతికి ఒక కంప్యూటర్ ఉంటాయి. పైపులు విప్పగానే లోపలికి గాలి పోతుంది, మామూలుగా పెడల్ తొక్కి ఎయిర్ తీస్తే మూసుకుని ఉన్న వాల్వుల వెనకాల గాలి అక్కడే ఉండిపోతుంది, బండి కంప్యూటర్‌కు తగిలించే స్కానర్ మిషను పెట్టి పంపు తిప్పి వాల్వులు తెరిపిస్తేనే బయటికొస్తుంది. అది చేయకపోతే ఇవాళ పెడల్ గట్టిగానే ఉంటుంది, వానలో ఏబీఎస్ పనిచేయాల్సిన రోజు ఆ గాలి లైన్లోకి వచ్చి పెడల్ కిందికి దిగిపోతుంది. పైగా ఆ కంప్యూటర్‌లో ఉన్నది వేరే బండి కోడింగ్, అంటే ఆ బండికి తగ్గట్టు పెట్టిన సెట్టింగులు. స్టీరింగ్ ఎంత తిప్పామో చూసే యాంగిల్ సెన్సర్, బండి ఎంత తిరుగుతోందో చూసే యా సెన్సర్ సున్నాకు సెట్ చేయకపోతే తిన్నగా పోతున్న బండిని తిరుగుతోందనుకుని ఒక చక్రానికే బ్రేకు వేయొచ్చు.

కాజీపేట: అయితే డబ్బు లేనివాళ్లు లైట్ వెలిగించుకునే తిరగాలా?

నర్సంపేట: అట్లా అనట్లేదన్నా. ముందు పోయింది యూనిటేనా అన్నది తేలాలి. చక్రం దగ్గరి స్పీడ్ సెన్సర్ వైరు ఎలుక కొరికినా, బ్యాటరీ డౌనైనా ఇవే లైట్లు వస్తాయి, అందుకే తమ్ముడూ, స్కానర్‌లో వచ్చిన, తప్పు ఎక్కడుందో చెప్పే కోడ్ కాగితం మీద రాయించుకో. కంప్యూటరే పోయిందని తేలితే కొన్ని మోడళ్లలో పైపులు ముట్టకుండా దాన్నొక్కదాన్నే విప్పి రిపేరుకు పంపొచ్చు, నీ కోడింగ్ నీకే ఉంటుంది. పాతదే వేయించాల్సి వస్తే బ్రేకు ఆయిల్ ట్యాంకు మూత మీద రాసిన గ్రేడు ఆయిల్, డాట్ 4 అని ఉంటే డాట్ 4, సీల్ తీయని డబ్బాలోంచి పోయించు, ఎందుకంటే అది గాలిలోని తేమను పీల్చుకుంటుంది, తేమ ఎక్కితే తక్కువ వేడికే మరుగుతుంది. ఎయిర్ తీయడం, కోడింగ్, సెన్సర్ల సెట్టింగ్, ఈ మూడూ చేస్తామన్న షాపులోనే వేయించు. ట్రయల్ ఖాళీ గ్రౌండులో చూడు, తాడ్వాయి అడవి మలుపుల్లో కాదు. ఎర్ర బ్రేకు లైటు కూడా వెలిగితే మాత్రం బండి తీయకు, గట్టిగా బ్రేకు కొడితే వెనక చక్రాలే ముందు పట్టేసి బండి గిర్రున పక్కకు తిరిగిపోయే ప్రమాదముంది.

హన్మకొండ: ఇప్పుడే స్కానర్ పెట్టించి వచ్చా అన్నా. వెనక ఎడమ చక్రం సెన్సర్ అని ఒక్క కోడే వచ్చింది. రేపు పొద్దున చక్రం విప్పించి వైరు చూపిస్తా.

కాజీపేట: నా బండికి స్కానర్‌తో ఎయిర్ తీశారో లేదో నేనెప్పుడూ అడగలేదు. ఆ షాపుకు ఫోన్ చేస్తున్నా.